కుండీల మీద పడని వెలుగు

వారంలో నాలుగోసారి పనిముట్ల సంచి భుజాన వేసుకుని అక్క ఇంటి మెట్లెక్కాడు తమ్ముడు. టీవీలు, మిక్సీలు బాగుచేసే దుకాణం అతనిది. ఎవరి వస్తువులో లోపమైనా ఇట్టే పట్టేసే మనిషికి, సొంత అక్కకి చేసిచ్చిన దీపం మాత్రం కొరకరాని కొయ్యై కూర్చుంది.

రోడ్డు వెడల్పు చేస్తామని అక్క పాత ఇల్లు కొట్టేశారు. బావ బతికుండగా పెరట్లో నాటిన మల్లె పొద కూడా దాంతోపాటే పోయింది. కొట్టేసే ముందురోజు అక్క దాని కొమ్మలు ఐదు కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఈ అద్దె ఇంట్లో ఎండ పొడ లేదు. అందుకే కిటికీ లేని సామాన్ల గదిలో బల్ల మీద కుండీలు పెట్టి, వాటిపైన అల్యూమినియం రేకుకి పన్నెండు ఎల్ఈడీలు బిగించి వేలాడదీశాడు తమ్ముడు. ఇప్పటికే మూడు కొమ్మలు నల్లబడి చచ్చాయి. మిగిలినవి రెండు.

"అదిగో, మళ్ళీ నడిమధ్యలో చీకటి," అంది అక్క గుమ్మంలోంచే. "నీ చేతకాకపోతే చెప్పరా. ఇంకెవరినైనా పిలుస్తాను."

"పిలువు. వాడొచ్చి నన్ను చూసి నవ్వుకుంటే నీకు తృప్తి!"

అతనికి ఒళ్ళు మండిపోతోంది. మొదటిరోజు దీపం మిణుకుమిణుకుమంటే, ఎల్ఈడీలకి కరెంటు అందించే డ్రైవర్ పెట్టె మార్చాడు. రెండోరోజు ఊడిన టంకం మళ్ళీ వేశాడు. మూడోరోజు విసుగొచ్చి నడిమి నాలుగు ఎల్ఈడీలూ పీకేసి కొత్తవి పెట్టాడు. ఇవాళ మీటరు పెట్టి చూస్తే ఎక్కడి ఓల్టేజీ అక్కడ సరిగ్గా ఉంది. పక్కనుంచి చూస్తే పన్నెండూ కళ్ళు చెదిరేలా వెలుగుతున్నాయి. కింద బల్ల మీద మాత్రం, సరిగ్గా ఆ రెండు కుండీల మీద, గుమ్మడికాయంత నల్లటి మచ్చ.

"వెలిగే దీపం కింద చీకటేంటే? నా చదువంతా చట్టుబండలైనట్టేనా?" అని సణుక్కుంటూ కుండీలు ఎడమకి జరిపాడు. వెలుగు పడింది. హమ్మయ్య అనుకుని సంచీ సర్దబోయాడు. వెనక్కి తిరిగి చూసేసరికి మచ్చ కూడా ఎడమకి జరిగి ఉంది.

గదిలో తడిమట్టి వాసన, కాలిన టంకం వాసన. డ్రైవర్ పెట్టె సన్నగా జుమ్మంటోంది.

అతను వంగి, చెంప బల్లకి ఆనించి, కుండీల పక్కనుంచి పైకి చూశాడు. నడిమి నాలుగు దీపాలూ లేవు. తల ఎత్తాడు. వెలుగుతున్నాయి. దించాడు. లేవు.

ఆరిపోవడం కాదది. ఏదో అడ్డొస్తోంది.

అరచేయి తీసుకెళ్ళి దీపానికి దగ్గరగా పెట్టాడు. చేతిమీద తెల్లటి వెలుగు. మెల్లగా కిందికి దించాడు. వెలుగే. ఇంకా దించాడు. వెలుగే. ఆకులకి జానెడు ఎత్తులో... చెయ్యి నల్లబడింది. దానికీ దీపానికీ మధ్య ఏమీ లేదు. అక్కడ చల్లగా మాత్రం ఉంది.

"అక్కా..." అన్నాడు గుసగుసగా. "ఇటు రా. మాట్లాడకు."

అక్క వచ్చి నిలబడింది. అప్పుడు వినిపించింది ఇద్దరికీ. నెమ్మదిగా, పొడుగ్గా... గాలి లోపలికి పీల్చిన చప్పుడు. చిగురాకులు రెండూ ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ వాలాయి.

ఎవరో వంగి, మొక్కల వాసన చూస్తున్నారు.

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరేనా?" అంది, బావతో మాట్లాడే గొంతుతోనే. "మీ మల్లెలే... బతికించుకుంటున్నాను."

మచ్చ కదల్లేదు. మళ్ళీ ఆ పీల్పు. ఈసారి ఇంకా ఆబగా.

అక్క అతని మోచెయ్యి పట్టుకుంది. "ఆయన కాదురా."

"ఎలా తెలుసు?"

"ఆయనకి మల్లె పడదు. నాకోసం నాటారే కానీ, ఏనాడూ దగ్గరికెళ్ళలేదు. తుమ్ములు..."

తమ్ముడి చెయ్యి దానంతటదే గోడమీది స్విచ్చు మీదికి పోయింది. టక్‌మంది.

చీకటి. జుమ్మనే చప్పుడు ఆగిపోయింది. అక్క ఊపిరి వినబడుతోంది. తన ఊపిరి వినబడుతోంది. ఇంకొకటి...

కుండీల దగ్గర కాదు. అతని మెడ పక్కన. ఎడమ భుజం మీద, పొద్దున్న బయల్దేరే ముందు నాలుగు నెలల కూతుర్ని వేసుకుని జోకొట్టిన చోట, పాలవాసన ఇంకా వదలని చొక్కా మీద... నెమ్మదిగా, పొడుగ్గా, ఆగి ఆగి పీలుస్తోంది.

"లైటెయ్యరా! లైటెయ్యి!" అక్క అరిచింది.

వేశాడు.

పన్నెండు దీపాల వెలుగూ బల్లమీద నిండుగా పరుచుకుంది. రెండు కుండీలూ, ఆకుల ఈనెలతో సహా, పచ్చగా మెరిసిపోతున్నాయి. చీకటి ఆనవాలు కూడా లేదు.

"పోయిందిరా," అక్క గోడకి జారగిలబడి ఏడుస్తూ నవ్వింది. "బాగైంది. బతుకుతాయి ఇవి."

అతను పనిముట్లు అక్కడే వదిలేసి, మెట్లన్నీ రెండేసి చొప్పున దిగి ఇంటికి పరిగెత్తాడు. వీధి నిండా మధ్యాహ్నం మూడుగంటల ఎండ. ఆగి ఆగి తన చేతులు చూసుకున్నాడు. భుజం చూసుకున్నాడు. అన్నిచోట్లా ఎండ పడుతోంది. పిచ్చివాణ్ణవుతున్నానేమో అనుకున్నాడు.

భార్య తలుపు తీసింది. "ఏంటా చెమటలు? పాప ఇప్పుడే లేచింది. ఏడుపూ లేదు, గోలా లేదు. ఒక్కతే నవ్వుకుంటోంది."

కిటికీ పక్కన ఉయ్యాల. ఎండ ఏటవాలుగా దాని మీద పడుతోంది. దుప్పటి మీద ఎండ. చిట్టి కాళ్ళ మీద ఎండ. పిడికిళ్ళ మీద ఎండ.

ముఖం మీద లేదు.

పాప పైకి చూస్తూ బోసినోటితో నవ్వుతోంది. నుదుటి మీది మెత్తటి జుట్టు ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ వాలింది.

అతను ఉయ్యాల పైన, ఎండలోకి, అరచేయి చాపాడు. చేతి మీద వెచ్చటి వెలుగు. దాన్ని కిందికి దించడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.