రెండు గిన్నెలు, నాలుగు పొట్లాలు

ముందు నవ్వు వినబడింది. మనిషి తర్వాత కనబడింది.

ఆ నవ్వుకు కరుణాకరం చెవులదాకా ఎర్రబడ్డాడు. పడడా మరి? బి.ఏ. లెక్కలు చదివి, మార్కాపురం హైస్కూల్లో కొత్తగా అయ్యవారి ఉద్యోగంలో చేరినవాడు. పెద్దాయన ముందు కూర్చుని చిన్న లెక్కకు జవాబు చెప్తే, తలుపు చాటునుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పటికి మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. హెడ్మాస్టరుగారు ఆరో ఫారంలో తెలివైన పిల్లలను కొందరిని ఏరి, మద్రాసులో జరిగే స్కాలర్‌షిప్ పరీక్షకు తయారుచెయ్యమని కరుణాకరానికి అప్పగించారు. ఆ పరీక్షలో ప్రాబబిలిటీ ఉంది. కాలేజీలో అతను వదిలేసిన చాప్టరు సరిగ్గా అదే. "ఒక్క ప్రశ్న వస్తుందిలేరా" అన్న స్నేహితుల మాట విన్నాడు. అనుభవించాలి కదా. అందుకే రిటైరైన లెక్కల మాస్టారు చెన్నకేశవులుగారి వసారాలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మాస్టారు అడిగింది ఇంతే. రెండు బిళ్ళలు ఎగరేస్తే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే అవకాశం ఎంత?

"మూడోవంతు సార్. రెండూ బొమ్మలు పడొచ్చు, రెండూ బొరుసులు పడొచ్చు, లేదంటే ఒకటీ ఒకటీ. మూడు రకాలు గదా?"

అప్పుడు వచ్చింది నవ్వు.

"చెంచూ!" అన్నాడు మాస్టారు.

"నవ్వలేదు నాయనా. దగ్గినా."

"ఈ ఇంట్లో దగ్గు ఎట్లుంటాదో నాకు తెలీదా? ఇట్లొచ్చి అయ్యవారికి చెప్పు."

చంకలో పలక పెట్టుకుని చెంచులక్ష్మి వచ్చింది. మాస్టారి కూతురు. స్కూల్ ఫైనల్ ప్యాసై, ఇంటర్మీడియెట్‌కు ఇంట్లోనే చదువుకుంటోంది. మాస్టారి కళ్ళకు పొరలు కమ్మినప్పటినుంచి పుస్తకం చదివేదీ, పలక మీద లెక్క వేసేదీ ఆ అమ్మాయే. వచ్చీ రాగానే కొంగు ముడి విప్పి రెండు బిళ్ళలు తీసింది.

"ఇది అణా, ఇది కాణీ. అణా బొమ్మ, కాణీ బొరుసు ఒక రకం. అణా బొరుసు, కాణీ బొమ్మ ఇంకో రకం. మీరు రెండిట్నీ ఒకే గాటన కట్టేసినారు అయ్యవారూ. ఉండేది నాలుగు రకాలు. మీ జవాబు సగం."

"రెండూ అణాలే అయితే?" అన్నాడు కరుణాకరం పంతానికి.

"మీకు ఒకటే అనిపిస్తాదేమో. వాటికి తెలుసు గదా, తామిద్దరూ వేరువేరని."

మాస్టారు పడీ పడీ నవ్వాడు. ఆ సాయంత్రం బసకు నడిచిపోతూ కరుణాకరం ఆ మాటే తలుచుకున్నాడు. కోపంగా తలుచుకోవాలనుకున్నాడు, కుదరలేదు.

రోజూ బడి వదలగానే ఆ వసారాకు పోవడం అలవాటైంది. నులకమంచం మీద మాస్టారు, గడప దగ్గర పలకతో చెంచులక్ష్మి, మూలన చేటతో జొన్నలు చెరుగుతూ మాస్టారి తల్లి యల్లమ్మవ్వ. సంచిలో ఎర్ర గోళీలు ఇన్ని, తెల్ల గోళీలు ఇన్ని, కళ్ళు మూసుకుని తీస్తే ఏది వస్తుంది? ఎప్పుడు చూసినా ఇదే గోల. యల్లమ్మవ్వకు ఆశ్చర్యం.

"ఏం నాయనా, ఇంత చదువూ చదివింది గోళీలు తీసేదానికేనా?"

"గోళీలు తియ్యడంలే అవ్వా, తీస్తే ఏమొస్తాదో చెప్తారు" అనేది చెంచులక్ష్మి.

"తీస్తే తెలీదా? దానికి చెప్పేదేంది!"

కరుణాకరంలో ఒక లోపం ఉంది. ఇప్పుడే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. అతనికి అడగడం రాదు. హాస్టల్లో ఉన్న రోజుల్లో సాంబారులో ఉప్పు లేకపోతే చప్పగా తిని లేచేవాడే గాని, ఉప్పు అడిగేవాడు కాదు. ఈ ఇంట్లో ఇచ్చే గ్లాసుడు మజ్జిగ తాగి, ఖాళీ గ్లాసు వంక చూస్తూ కూర్చునేవాడు.

"ఇంకా కావాలా?" అనేది చెంచులక్ష్మి.

"ఉంటే..."

"నోరు తెరిచి అడిగితే ముత్యాలేం రాలిపోవు అయ్యవారూ."

"అడగందే అమ్మయినా పెట్టదు నాయనా" అని అవ్వ వంత పాడేది.

ఒకరోజు వాన పట్టుకుంది. మార్కాపురంలో వానంటే ఇంటికొచ్చిన చుట్టం లెక్క. వీధిలో పిల్లలు కేకలు పెట్టారు. చూరునుంచి ధార కడుతోంది. మాస్టారు లోపల కునుకు తీస్తున్నాడు. కరుణాకరం పోలేక, ఉండలేక గొడుగు వంక చూశాడు.

"వాన ఆగే ప్రాబబిలిటీ ఎంత?" అంది చెంచులక్ష్మి.

"తక్కువే."

"అయితే కూర్చోండి. ఒక లెక్క ఉంది. రెండు కుండలు, రెండు తెల్ల గోళీలు, రెండు ఎర్రవి. ఏ కుండలో ఎన్ని వేస్తారో మీ ఇష్టం, ఏ కుండా వట్టిది గాకూడదు. ఇంకొకరు కళ్ళు మూసుకుని ఏదో ఒక కుండలో చెయ్యి పెట్టి ఒక గోళీ తీస్తారు. మీకు తెల్లది కావాల. ఎట్ల పంచుతారు?"

"ఒక్కో కుండలో ఒక తెల్లది, ఒక ఎర్రది. సగం అవకాశం. ఎట్ల పంచినా సగమే గదా?"

ఆమె పలక తిప్పి చూపింది. ఒక కుండలో ఒంటరిగా ఒక్క తెల్ల గోళీ. మిగిలిన మూడూ రెండో కుండలో.

"మొదటి కుండలో చెయ్యి పడిందా, తెల్లదే. రెండోదాంట్లో పడినా మూడిట్లో ఒకటి తెల్లది. మొత్తానికి మూడింట రెండు వంతులు."

కరుణాకరం పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. "ఇది మోసం గాదా?"

"మోసమేంది? గోళీలు మారినాయా? కుండలు మారినాయా? కావాలనుకున్నోళ్ళు కావాలనుకున్నట్టు పంచుకున్నారు. అయినా ఓడిపోయేదానికి మూడోవంతు ఉండనే ఉంది."

చూరునీళ్ళ తుంపర ఆమె చెంప మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. అతను చూపు తిప్పుకోలేదు. వాన ఎప్పుడు ఆగిందో ఇద్దరిలో ఎవరికీ తెలీదు. "వాన నిలిచి ఎంతసేపాయె, ఇంకా గొడుగు పట్టుకునే కూర్చున్నాడేందే ఈ పిల్లోడు?" అని అవ్వ అడిగాక గాని లేవలేదు అతను.

తర్వాత త్రిపురాంతకంనుంచి సంబంధం వచ్చింది. యల్లమ్మవ్వ పుట్టింటి వైపువాళ్ళు, పొలమూ పుట్రా ఉన్నవాళ్ళు. అవ్వకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ సంగతి చెవిన పడ్డ సాయంత్రం కరుణాకరం వసారాకు పోలేదు. మరుసటి రోజూ పోలేదు. వారం తిరిగాక, ఉండబట్టలేక పోయాడు.

"చాప్టరు అయిపోయింది గదా, ఇంక మాతో పనేముంది అనుకున్నాం" అంది చెంచులక్ష్మి, పలక మీదనుంచి తల ఎత్తకుండా.

నువ్వు లేని చాప్టరు నాకెందుకు అని అడగాల్సింది. "అవును, అయిపోయింది" అన్నాడు. ఓరి నీ చదువు తగలెయ్య! ఆమె లేచి లోపలికి పోయింది. ఆ రోజు మజ్జిగ కూడా రాలేదు. ఆ అమ్మాయికి త్రిపురాంతకమే ఇష్టం కాబోలు అనుకుని, ఆ రాత్రంతా కుమిలిపోయాడు.

అయినా ఆశ చావదు కదా. ఆ ఆదివారం రైలెక్కి సొంతూరు గిద్దలూరు పోయి తండ్రితో నసిగాడు. తండ్రి వచ్చి మాస్టారితో మాట్లాడాడు. మాస్టారికి కరుణాకరమంటే ప్రాణం. అవ్వేమో ససేమిరా అంది. తల్లీ కొడుకూ ఇద్దరూ మొండిఘటాలే. చివరికి అవ్వే తెగేసి చెప్పింది. "నీ మాటా వద్దు, నా మాటా వద్దు. పూలు అడుగుదాం."

పూలు అడగడం ఆ ఇంటి ఆచారం. రెండు తెల్ల గన్నేరు పూలు, రెండు ఎర్ర గన్నేరు పూలు మోదుగాకుల్లో విడివిడిగా చుట్టి, ఒక్కలాంటి పొట్లాలు కట్టాలి. ఇంటిదేవుడు చెన్నకేశవస్వామి పటం ముందు ఒక గిన్నె, అవ్వ పుట్టింటి వేల్పు పోలేరమ్మ పేర నిలిపిన పసుపుముద్ద ముందు ఒక గిన్నె. ఇంటి పెద్ద కళ్ళు మూసుకుని ఏదో ఒక గిన్నెలో ఒక పొట్లం తియ్యాలి. తెల్లది వస్తే గిద్దలూరు, ఎర్రది వస్తే త్రిపురాంతకం.

"పెళ్ళి దానిది. పొట్లాలు అదే కట్టి, అదే గిన్నెల్లో వెయ్యాల" అంది అవ్వ.

పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని చెంచులక్ష్మి పొట్లాలు పట్టుకొచ్చింది. కరుణాకరం తండ్రి పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె అతని వంక చూడలేదు.

"అవ్వా, ఏ గిన్నెలో ఎన్ని వెయ్యాలని ఏమన్నా శాస్త్రం ఉందా?"

"శాస్త్రమేముందే! నాలుగూ పడాల, ఏ గిన్నే వట్టిదిగా ఉండకూడదు."

చెంచులక్ష్మి పోలేరమ్మ ముందున్న గిన్నెలో ఒక్క పొట్లం పెట్టింది. మిగతా మూడూ స్వామి ముందు గిన్నెలో వేసింది.

"అదేందే, ఒకదాంట్లో ఒకటే?" అంది అవ్వ.

నులకమంచం మీద మాస్టారు గట్టిగా దగ్గాడు. ఆ ఇంట్లో దగ్గు అలా ఉండదని కరుణాకరానికి మొదటి రోజునుంచీ తెలుసు.

అతని గుండె ఒక్కసారిగా పొంగింది. రెండు కుండలు! ఆ ఒంటరి పొట్లంలో ఉన్నది తెల్ల పువ్వే. ఈ అమ్మాయికి తను కావాలి. ఇన్ని నెలలు అతను అడగలేని ప్రశ్నకు ఆమె అందరి ఎదుటా జవాబు చెప్పేసింది. పైగా అవ్వ చెయ్యి తన పోలేరమ్మ వైపే పోతుందని అంచనా కట్టి మరీ పెట్టింది, గడుగ్గాయి!

అవ్వ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. చెయ్యి పోలేరమ్మ గిన్నె వైపే పోయింది. గిన్నె అంచు తాకింది. ఆగింది.

"వద్దులే" అంది అవ్వ. "మా అమ్మ దగ్గర తీస్తే, తనవైపు లాక్కుందంటాడు నా కొడుకు. న్యాయం న్యాయమే." చెయ్యి ఇవతలికి తిరిగి, మూడు పొట్లాలున్న గిన్నెలోకి దిగి ఒక పొట్లం పైకి తీసింది.

చెంచులక్ష్మి ముఖం పాలిపోయింది. ఆమె లెక్కలో అన్నీ ఉన్నాయి, అవ్వ న్యాయం ఒక్కటే లేదు. మూడింట రెండు వంతులు కాస్తా మూడోవంతుకు దిగిపోయింది. ఇక అవ్వ దారం విప్పడమే తరువాయి.

"విప్పొద్దు అవ్వా!"

ఆ గొంతు తనదేనని కరుణాకరానికి కాసేపటికి గాని తెలియలేదు. అందరూ అతని వైపు తిరిగారు. గోడ వదిలి ముందుకొచ్చాడు.

"దేవుణ్ణి అడగక ముందే నేను అడగాల్సింది. నాకు చేతగాలేదు. ఇప్పుడు అడుగుతున్నా. చెంచులక్ష్మిని నాకియ్యండి. ఆ పొట్లంలో ఏ పువ్వున్నా సరే, నాకు చెంచులక్ష్మే కావాల."

కరుణాకరం తండ్రి తలపాగా తీసి చేతబట్టుకున్నాడు. "వీడు పుట్టి బుద్ధెరిగినాక నాకిది కావాలని అడగడం ఇదే మొదలు అత్తా. నాకే నమ్మబుద్ధి గావడంలే."

అవ్వ మనవరాలి వైపు చూసింది. "నువ్వేమంటావే?"

"నేను చెప్పాల్సింది గిన్నెల్లోనే చెప్పినా అవ్వా" అంది చెంచులక్ష్మి. అంటూనే ఏడ్చేసింది.

అవ్వకు ఆ మాట అర్థం కాలేదు. ఏడుపు అర్థమైంది. చేతిలో పొట్లాన్ని చాలాసేపు చూసి, విప్పకుండానే స్వామి పటం వెనక దోపింది. "అడగందే అమ్మయినా పెట్టదని నేనే అంటి. నోరు లేనోడు నోరు తెరిచి అడిగితే పెట్టకపోతే ఎట్ల? త్రిపురాంతకంవాళ్ళకు నేను చెప్పుకుంటాలే. రా నాయనా, ఇట్ల కూర్చో. ఒసే, మజ్జిగ తేవే!"

పెళ్ళయింది. పిల్లలయ్యారు. ప్రెసిడెన్సీ పోయింది, జిల్లా మారింది, అణాలూ కాణీలూ పోయాయి. మాస్టారూ, యల్లమ్మవ్వా వెళ్ళిపోయారు. ఎన్ని ఊళ్ళకు బదిలీ అయినా చెంచులక్ష్మి పెరట్లో ఎర్ర గన్నేరు నాటేది. ప్రతి ఏడూ పెళ్ళిరోజున ఆ చెట్టు పువ్వు ఒకటి కోసి స్వామి పటం వెనక పెట్టేది. మన పేర కట్టింది తెల్ల పువ్వు కదా, దీనికి ఎర్రదాని మీద ఏం మోజో అనుకునేవాడు కరుణాకరం. అనుకునేవాడే గాని అడగలేదు. పాత జబ్బు ఎక్కడికి పోతుంది!

రిటైరై గిద్దలూరు చేరిన ఏడు, పెళ్ళిరోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. వసారాలో మజ్జిగ తాగుతూ, చూరునుంచి కట్టిన ధార చూస్తూ కూర్చున్నాడు. ఏం తోచిందో ఏమో, అడిగేశాడు.

"చెంచూ, ఎప్పుడూ ఎర్ర పువ్వే ఎందుకు పెడతావు?"

ఆమె పత్తి వత్తులు చేస్తోంది. తల ఎత్తింది. "ఆ పొట్లంలో ఉన్నది ఎర్రదే."

"ఏంది?"

"మరునాడు పటం తుడుస్తా ఉంటే కిందపడింది. నేనూ అవ్వా విప్పి చూసినాం. ఎర్రదే. మూడింట రెండు వంతులు రావాల్సింది అదే గదా, లెక్కేం తప్పలేదు. మీరు నోరు తెరవకపోయుంటే ఈపాటికి నేను త్రిపురాంతకంలో మనవళ్ళను ఎత్తుకోని ఉందును. మగోళ్ళకు చెప్పొద్దే అనింది అవ్వ."

కరుణాకరానికి కళ్ళు చెమర్చాయి. దారం విప్పబోతున్న అవ్వ చేతులు, పాలిపోయిన ఆ ముఖం నిన్నో మొన్నో చూసినట్టున్నాయి. "నాలుగూ తెల్లవే కట్టి ఉండొచ్చు గదా?"

"దేవుడి ముందర దొంగలెక్కలా? నేను మాస్టారి కూతుర్ని."

"సరే, అవ్వ పోయి కూడా ఎన్నేళ్ళాయె. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడన్నా అడిగినారా?"

కరుణాకరం ఖాళీ గ్లాసు ఆమె ముందుకు చాపాడు.

"చెంచూ, ఇంకొంచెం మజ్జిగ కావాల."