పంపకాల మంచం

శనివారం వచ్చిందంటే కాకినాడ నీటి ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో కాలు పెట్టడానికి చోటుండదు. సముద్రం ఊళ్లోకి వచ్చేశాక, మునిగిపోయిన బజారు మీద స్తంభాలు దింపి కట్టిన ఆసుపత్రి అది. రోగుల్ని పడవల్లో తెచ్చి మెట్ల దగ్గర దింపుతారు. ఎంత రద్దీగా ఉన్నా ఆ వరండాలో ఒక మర్యాద తప్పదు. బాధావార్డు తలుపు తీసుకుని ఎవరైనా కుంటుకుంటూ బయటికొస్తే, బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఒకరు లేచి చోటిస్తారు. ఇంకొకరు మజ్జిగ గ్లాసు చేతిలో పెడతారు. తమవాళ్ల నొప్పిలో వాటా తీసుకుని వచ్చిన మనిషికి ఆ మాత్రం గౌరవం ఇవ్వకపోతే బాగుండదు కదా.

నరాల మంట అనే జబ్బు ఈ తీరానికి వచ్చి ఒక తరం దాటింది. అది అరికాళ్లలో మొదలై నడుము దాకా పాకుతుంది, మనిషిని చంపదు, వదలదు. మాత్రలూ మత్తుమందులూ దాని ముందు చేతులెత్తేశాక డాక్టర్ హన్విక ఒక యంత్రం కనిపెట్టింది. కాగితాల మీద దాని పేరు వేదనావాహకం, ఇంగ్లీషులో పెయిన్ కప్లర్. జనం మాత్రం పంపకాల మంచం అంటారు. నొప్పిని లేకుండా చేయడం కుదరదు గానీ మరొకరికి పంచడం కుదురుతుందని ఆవిడ సిద్ధాంతం. మంచం మీది రోగి తలకు ఒక శిరోవలయం, పక్కన కుర్చీలో కూర్చున్న బంధువు తలకు మరొకటి తొడుగుతారు. రెండింటినీ కలిపే నాడీసేతువు, అంటే న్యూరల్ బ్రిడ్జి, మంచం కింద సీలు వేసిన పెట్టెలో ఉంటుంది. రోగి నరాల్లో పుట్టిన సంకేతంలో సగం ఆ సేతువు దాటి బంధువు నరాల్లోకి పోతుంది. పోయినంత మేర రోగికి తగ్గుతుంది. భరించలేకపోతే నొక్కడానికి కుర్చీ చేతి మీద ఎర్ర బొత్తం ఉంది. దాన్ని నొక్కినవాళ్లు ఈ ఊళ్లో లేరని అందరూ గొప్పగా చెప్పుకుంటారు.

ఆ ఆసుపత్రిలో వైద్యపరికరాలు మరమ్మతు చేసేది సత్తిరాజు. ఇంట్లోవాళ్లు ముత్తాత పేరు పెట్టి వదిలేశారు గానీ మనిషి పాతకాలం వాడేం కాదు. వెంటిలేటరైనా, డయాలిసిస్ యంత్రమైనా విప్పి, తుడిచి, మళ్లీ బిగించి ప్రాణం పోస్తాడు. పంపకాల మంచానికి మాత్రం అంత పని ఎప్పుడూ పడలేదు. ఏటేటా తనిఖీకి ఒక రబ్బరు బొమ్మ తల ఉంటుంది. దానికి మంచం వైపు వలయం తొడిగితే పచ్చదీపం వెలగాలి, కుర్చీ వైపు వలయం తొడిగితే ఇంకో పచ్చదీపం వెలగాలి. రెండూ వెలిగితే యంత్రం భేషుగ్గా ఉన్నట్టు. మధ్య పెట్టె సీలు తీయకూడదని రూలు, సత్తిరాజు రూలు దాటే మనిషి కాదు.

అతని భార్య మోక్షితకు కూడా నరాల మంటే. ప్రతి శనివారం ఆమె మంచం మీద, అతను కుర్చీలో. అరికాళ్లు భగ్గుమంటుంటే పళ్లు బిగించి మూలిగేవాడు, చెమటతో చొక్కా తడిసిపోయేది. “తగ్గిందండీ,” అని ఆమె అన్నాకే లేచేవాడు. తర్వాత కుంటుకుంటూ వరండాలోకి వచ్చి మజ్జిగ తాగేవాడు. నిజం చెప్పాలంటే ఆ మజ్జిగంటే అతనికి ఇష్టం. వీధిలో ఆడవాళ్లు అతన్ని చూపించి తమ మొగుళ్లని దెప్పిపొడవడం ఇంకా ఇష్టం.

ఒక తుఫాను వారంలో మంచం కింద ఫ్యాను గరగరలాడటం మొదలుపెట్టింది. కంపెనీ మనిషి వచ్చే దారి లేదు. సీలు నువ్వే విప్పవయ్యా అన్నాడు సూపరింటెండెంటు. సత్తిరాజు విప్పాడు. ఫ్యాను రెక్కలకు దుమ్మూ వెంట్రుకలూ చుట్టుకుని ఉన్నాయి. అవి లాగి పారేసి, టార్చి కొంచెం పక్కకి తిప్పాడు.

సేతువు ప్లగ్గుకి ఎర్ర ప్లాస్టిక్ మూత తొడిగి ఉంది. ప్రయాణంలో పిన్నులు వంగకుండా పెట్టే మూత అది. ‘అమర్చే ముందు తీసివేయవలెను’ అని దాని మీదే అచ్చువేసి ఉంది. ఎవరూ తీసివేయలేదు. అంటే మంచం ఆసుపత్రికి వచ్చిన నాటి నుంచి అటునుంచి ఇటు వీసమెత్తు నొప్పి కూడా దాటలేదు.

సత్తిరాజు ఆ అక్షరాలు ఇంకోసారి చదివాడు. మరి శనివారం శనివారం మండిన ఈ అరికాళ్లేమిటి? తన కాళ్ల వంక తనే అనుమానంగా చూసుకున్నాడు. తన సంగతి సరే, మోక్షితకు తగ్గడమేమిటి? పాపం, అదీ తనలాగే భ్రమపడి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

డాక్టర్ హన్విక ఆ ఆసుపత్రిలోనే పై అంతస్తులో ఉంటుంది. డెబ్బై దాటినా ఆవిడ మాటలో పదును తగ్గలేదు. టీలో బిస్కెట్ ముంచుకుంటూ అంతా విన్నది.

“మూత తీసేశావా?”

“లేదండి. మీతో ఓ మాట చెప్పి తీద్దామని వచ్చేనండి.”

“తీయకు.”

సత్తిరాజుకు అర్థం కాలేదు. “అదేంటి మేడమ్? అమర్చినోళ్లు మర్చిపోయారండి అది.”

“ఎవరూ మర్చిపోలేదు. ప్రతి మంచానికీ ఆ మూత ఉంటుంది. పెట్టించింది నేనే.” ఆవిడ టీ కప్పు పక్కన పెట్టింది. “ల్యాబులో మొదటి మంచానికి మూత లేదు సత్తిరాజూ. బ్రహ్మాండంగా పనిచేసింది. తల్లి కోసం కొడుకు కూర్చున్నాడు, మొగుడి కోసం పెళ్లాం కూర్చుంది. రెండోసారి కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. కొందరైతే మళ్లీ ఆసుపత్రి గడపే తొక్కలేదు. రోగులు ఖాళీ కుర్చీ వంక చూస్తూ పడుకునేవాళ్లు. మూత పెట్టించాక చూడు, అందరూ వస్తున్నారు. కూర్చుని మూలుగుతున్నారు. ఆ మూలుగు విని పడుకున్నవాళ్లు జాలిపడి తగ్గిందంటున్నారు. నేను కనిపెట్టింది అదయ్యా. మిగతావన్నీ వైర్లు.”

“మోసం కదండీ!”

“మోసపోయినవాళ్లెవరో చెప్పు.”

“మా ఆవిడండి! అది మంటెక్కిపోతా ఆ మంచం మీద పడుకుంటంటే నేను ఉత్తుత్తినే మూలుగుతానా? దాని నొప్పిలో సగం నిజంగానే తీసుకుంటానండి. నేను అందరిలాంటోణ్ణి కాదు.”

హన్విక మళ్లీ టీ కప్పు అందుకుంది. “సరే, తీసుకో. మూత మాత్రం పారేయకు. జేబులో ఉంచుకో.”

ఆ మాట అతనికి చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

శనివారం మోక్షితను చక్రాల కుర్చీలో తెచ్చి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. “లోపల సరిచేశాను. ఇవాళ్టి నుంచి చూడు,” అన్నాడు.

“ఈ ఒక్క వారం మానేయకూడదాండీ? మీరు మూలుగుతుంటే నాకు ప్రాణం గిలగిల్లాడిపోద్ది,” అంది ఆమె.

అతను నవ్వి, వలయం తలకు తొడుక్కుని మీట నొక్కాడు.

దానికి మంట అని పేరు పెట్టినవాడు దాన్ని ఎన్నడూ ఎరగడు. ఇన్నాళ్లూ మూలిగిన మూలుగు ఇవాళ రాలేదు. కాళ్లలో ఎముక ఎముకనీ ఎవరో విడదీసి, ఉప్పు రాసి, మళ్లీ బిగిస్తున్నారు. తన పేరు మరిచిపోయాడు, భార్య పేరు మరిచిపోయాడు. బుర్రలో ఒకటే మిగిలింది: ఇది నాది కాదు, దానిది, దానికే పోవాలి. చెయ్యి తనంతట తనే ఎర్ర బొత్తం మీద పడింది.

“ఏవండీ!”

మోక్షిత నవ్వుతోంది. కాలివేళ్లు కదిపి చూసుకుంటోంది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆ ముఖం అతను మళ్లీ చూడలేదు.

“ఏవండీ, తగ్గడమంటే ఇలా ఉంటుందా?”

నోరు జారిందని ఆమెకు తెలిసింది. అతనికీ తెలిసింది. ఇన్నేళ్లూ తగ్గిందండీ అన్నది తన కోసమేనని సత్తిరాజుకు అప్పుడు అర్థమైంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఈలోగా మంట తిరిగి తన చోటికి తాను వచ్చేసింది. మోక్షిత దుప్పటి పిడికిట్లో బిగించింది.

“ఆగిపోయిందేంటండీ? మళ్లీ పెట్టండి. ఒక్క నిమిషం చాలండి. ఇంకెప్పుడూ అడగను.”

ఆమె ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు.

“కరెంటు తేడా చేసినట్టుంది. ఉండు, చూస్తా,” అని సత్తిరాజు మంచం కింద దూరాడు.

అక్కడ మోకాళ్ల మీద కూర్చుంటే ఏడుపు వచ్చింది, సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా మోక్షిత మీద కోపం వచ్చింది. అడక్కపోతే ఏం పోయింది దానికి? సగానికే తను ఇలా అయిపోతే, అది రోజంతా, ఏళ్లకేళ్లు మొత్తం ఎలా మోస్తోంది? ఆ ఆలోచనను అక్కడే తుంచేశాడు. జేబులో చెయ్యిపెట్టాడు. ఎర్రమూత టక్కుమని ప్లగ్గు మీద కూర్చుంది.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, మీట నొక్కాడు. పచ్చదీపాలు రెండూ వెలిగాయి. సత్తిరాజు మూలగడం మొదలుపెట్టాడు. ఎప్పటికన్నా గట్టిగా, వార్డంతా వినిపించేలా మూలిగాడు.

మోక్షిత ఎదురుచూసింది. కాలివేళ్లు కదిపి చూసింది. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. మెల్లగా తల తిప్పి, చెమట పట్టని అతని నుదురు చూసింది.

“పనిచేస్తోందాండీ?”

“చేస్తోంది. నీకు తెలీట్లేదా?”

ఆమె కళ్లు మూసుకుంది.

“తెలుస్తోందండీ,” అంది చివరికి. “తగ్గింది. చాలా తగ్గింది. మీరింక లేవండి, కాళ్లు పట్టేస్తాయి.”

వార్డు తలుపు తీసుకుని సత్తిరాజు కుంటుకుంటూ వరండాలోకి వచ్చాడు. బెంచీ మీది పెద్దాయన ఒకాయన గబుక్కున లేచి చోటిచ్చాడు. ఎవరో మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టారు.

“ఎలా ఉందండి మీ ఆవిడగారికి?”

“తగ్గిందంటండి,” అని సత్తిరాజు గ్లాసు ఎత్తాడు. మజ్జిగ చల్లగా, బాగుంది.