ఇసుకలో రాసిన స్వరాలు

మణిమంత రాజ్యంలో ఒక ఉదయాన వాద్యాలన్నీ మూగబోయాయి. వీణ మీటినా, మద్దెల వాయించినా నాదం పుట్టలేదు. మనుషులకు మాట వస్తున్నది గాని పాట రావడం లేదు. జోలపాట లేక నిద్ర కరువైన పసిపిల్లలు నీరసించి చనిపోసాగారు. స్వరాలన్నిటినీ ధ్వనిభక్షుడనే రాక్షసుడు ఎత్తుకుపోయాడని తెలిసి, వీణలు చేసే సోమాంబ కొడుకు విశాఖుడు వాడి గుహకు బయలుదేరాడు. ఎంతకాలానికీ తిరిగి రాలేదు. అన్నను వెతుకుతూ చెల్లెలు తరళ అడవిదారి పట్టింది.

దారిలో ఒక ముని ఆమె కష్టం విని, ప్రతి నాదమూ ఒక కంపనమేననీ, ప్రతి కంపనానికీ ఒక సమీకరణం ఉంటుందనీ చెప్పి, ఆ లెక్కలు నేర్పాడు. తర్వాత కొంత మంత్రపు ఇసుక ఇచ్చాడు.

"దీనిమీద సమీకరణం రాస్తే ఆ నాదం పుడుతుంది. లోకంలో లేని వాద్యాన్నయినా పలికించవచ్చు. రాక్షసుడు స్వరాలను దోచాడు గాని, లెక్కలను దోచలేడు," అన్నాడు.

కొండ కనుమలో ఆడసింహం అడ్డగించింది. తరళ సింహపు కూన అరుపును ఇసుకలో రాసి, దూరపు పొదల్లోంచి వినిపించేటట్టు చేసింది. సింహం అటు పరుగెత్తింది.

గుహలో విశాఖుడు వీణ వాయిస్తున్నాడు. ఆ వీణ పలుకుతున్నది. రాక్షసుడు పక్కనే కూర్చుని, ఆ పాటకు మైమరచి కళ్లు మూసుకున్నాడు. స్వరాలన్నీ ఒక స్ఫటిక భాండంలో బందీలై ఉన్నాయి.

"లోకంలో పలికే వీణ ఇదొక్కటే. ఇందుకోసం, రాక్షసుడి ప్రాణం ఉన్న ఆ భాండంలోనే నా ప్రాణాన్ని కూడా ఉంచాను. దాన్ని ముట్టుకోకు," అన్నాడు విశాఖుడు మెల్లగా.

"ఊళ్లో పసిపిల్లలు చచ్చిపోతున్నారన్నా."

"తెలుసు," అన్నాడతడు, తీగల మీంచి చూపు తిప్పకుండా.

తరళ ఏడుస్తూనే భాండాన్ని వేలితో తట్టి, దాని స్వరం విన్నది. అదే స్వరాన్ని వెయ్యింతల బలంతో ఇసుకలో రాసింది. భాండం భళ్లున పగిలింది. రాక్షసుడు బూడిద అయ్యాడు. విశాఖుడు వీణమీదికి ఒరిగిపోయాడు.

రాజ్యానికి పాట తిరిగి వచ్చింది. సంతానం లేని రాజు తరళకు పట్టం కట్టాడు. నగారాలు మోగుతూండగా సోమాంబ కూతురి దగ్గరికి వచ్చింది.

"నీకు ఏ నాదమైనా చేయడం వచ్చునట. వాడి గొంతు ఒకసారి వినిపించవే," అన్నది.

తరళ రాసింది. అచ్చంగా విశాఖుడి గొంతే పాడింది. తల్లి చివరిదాకా విన్నది.

"పై స్వరం అందుకునే ముందు వాడు ఊపిరి పీల్చేవాడు. ఇది పీల్చడం లేదు," అని లేచి వెళ్లిపోయింది.

ఆ ఇసుకను చెరపడానికి తరళకు చేతులు రాలేదు.