వియన్నాకు ఒక సంతకం తక్కువ

సిడ్నీ ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ అమ్మాయి అచ్యుత్ పాస్‌పోర్టును మూడోసారి మెషీన్ మీద పెట్టి, మూడోసారి కూడా ముఖం చిట్లించింది. ఆ తర్వాత ఎంతో మర్యాదగా, ఆస్ట్రేలియాకి తిరిగి రావడానికి మీకు వీసా లేదని చెప్పింది.

అచ్యుత్ నవ్వాడు. తనకి వీసా ఎందుకు? పది రోజుల క్రితమే అతను ఆస్ట్రేలియా పౌరుడయ్యాడు. కౌన్సిల్ హాల్లో మేయర్ చేయి కలిపి, ఒక చిన్న మొక్క కూడా చేతిలో పెట్టాడు. ఆ ఫొటోకి మూడొందల లైకులొచ్చాయి. ఆ సంగతే గర్వంగా చెప్పాడు.

"కంగ్రాచులేషన్స్" అంది ఆ అమ్మాయి జాలిగా. "మరి మీ ఆస్ట్రేలియన్ పాస్‌పోర్ట్ ఏది?"

అచ్యుత్ కౌంటర్ మీదున్న తన ఇండియా పాస్‌పోర్టు వైపు చూశాడు.

పౌరసత్వం వచ్చిన క్షణంలోనే అతని పర్మనెంట్ వీసా రద్దయిపోయింది. ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. అక్టోబరులో రెండుసార్లు వరసలో నిలబడి తెచ్చుకున్న యూరప్ వీసా ఆ పాస్‌పోర్టులోనే అంటుకుని ఉంది. కొత్త పాస్‌పోర్టుకి జనవరిలో తీరిగ్గా అప్లై చేద్దాంలే అనుకున్నాడు మహానుభావుడు. ఈ వియన్నా టూరులో ఇరవైమంది ఉన్నారు. పాత సిటిజన్లకి వీసా గొడవే లేదు, ఇండియా పాస్‌పోర్టు వాళ్ళకి వీసాలున్నాయి. ప్రయాణానికి పది రోజుల ముందు ఆ గట్టు నుంచి ఈ గట్టుకి గెంతినవాడు మాత్రం ఇతనొక్కడే.

అదే టూరుకి వస్తూ వెనక వరసలో నిలబడ్డ శివాంగిని అంతా విన్నది. ఆమె చేతిమీద మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని కోటు, బయట ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండ.

"నువ్వు డేటా ఇంజనీర్‌వి కదా, మాస్టారూ" అంది. "నీ సొంత డేటా ఎవరు చెక్ చేస్తారు?"

కోపంగానే అంది. కానీ ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి అచ్యుత్‌కి రెండో దెబ్బ తగిలింది. మొదటిదానికే ఇంకా తేరుకోలేదు.

టూరు పెద్ద శారదాంబ ఆంటీ వచ్చి, అయ్యో పాపం అని, ఇరవైలోంచి ఒకటి తీసేసి లెక్క సరిచూసుకుని, మిగిలినవాళ్ళని సెక్యూరిటీ వైపు తోలుకుపోయింది. శివాంగిని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అచ్యుత్ థర్మల్ బనియన్లతో నిండిన సూట్‌కేసు పక్కన కొయ్యబొమ్మలా నిలబడ్డాడు.

అతనికి వియన్నా మీద మోజేమీ లేదు. రాజమండ్రిలో పుట్టినవాడు, ఆఫీసులో ఏసీ ఇరవై రెండుకి తగ్గితే స్వెటర్ వేసుకునే రకం. క్రిస్మస్ సెలవులకి వియన్నా టూరులో చేరింది శివాంగిని చేరిందని.

ఏడాదిన్నర క్రితం సిడ్నీ శివార్లలో కెల్లీవిల్ కమ్యూనిటీ హాల్లో, అతను పాఠం చెప్పే శనివారం తెలుగు క్లాసులో ఆమె మొదటిసారి కనిపించింది. ఎవరి పిల్లనో దింపడానికి వచ్చిన తల్లేమో అనుకుని, మీ అబ్బాయెక్కడండీ అని అడిగాడు. ఆమె ఏడేళ్ళ పిల్లల మధ్య చిన్న కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, అబ్బాయి లేడు, నేనే స్టూడెంట్‌ని అంది. క్లాసంతా గొల్లుమంది.

శివాంగిని వాళ్ళ పూర్వీకులు నెల్లూరు వైపు నుంచి చెరకు తోటల పనికి ఫిజీ వెళ్ళారు. అక్కడి నుంచి కుటుంబం సిడ్నీ వచ్చి రౌస్ హిల్‌లో స్థిరపడింది. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడేది ఒక్క తాతయ్య రామ్‌సామి, శివాంగినికి వచ్చిన మాటలు ఆయన దగ్గర నేర్చినవే. చదవడం ఆయనకీ రాదు. తెలుగు ఎవరైనా చదువుతుంటే వినాలని ఆయన కోరిక. అందుకే స్కూల్లో మ్యూజిక్ టీచరైన ఈ పిల్ల, ఇరవై ఆరేళ్ళ వయసులో అ ఆలు దిద్దడానికి వచ్చింది. ప్రతి శనివారం ఆయన కూడా వచ్చి వెనక బల్లమీద కూర్చునేవాడు. ఆమెకి 'మీరు' అనే మాట తెలియదు, అందరినీ నువ్వే అంటుంది. అచ్యుత్ గోదావరి అలవాటు కొద్దీ ఆమెని మీరు అంటాడు. పిల్లలు ఇద్దరినీ చూసి నవ్వేవారు.

ఈ రెండు వారాల టూరులో ఎక్కడో ఒకచోట మనసులో మాట చెప్పేయాలని అచ్యుత్ నిర్ణయించుకున్నాడు. ఆలస్యం చేయడానికి లేదు. శారదాంబ ఆంటీ మేనల్లుడు వెంకట్ లండన్ నుంచి ఇరవై ఆరున వియన్నా వచ్చి టూరులో కలుస్తున్నాడు. ఎందుకు కలుస్తున్నాడో శివాంగినికి తప్ప కెల్లీవిల్ అంతటికీ తెలుసు.

సోమవారం సాయంత్రం ఆరింటికి ఆమె వీడియో కాల్ చేసింది. అక్కడ ఉదయం ఎనిమిది. కిటికీ బయట ఎర్ర ట్రామ్ మంచులోంచి మెల్లగా పోతోంది. నిన్న టౌన్‌హాల్ ముందు క్రిస్మస్ మార్కెట్‌లో కాల్చిన చెస్ట్‌నట్స్ తిన్నానని, నాలుగింటికే చీకటి పడిపోతే గడియారం ఆగిపోయిందేమో అనుకున్నానని చెప్పింది. ఫ్యాన్ కింద బనియన్‌తో కూర్చున్న అచ్యుత్ నోరు తెరుచుకుని విన్నాడు.

"నువ్వుంటే బాగుండేది" అంది చివర్లో, పక్కకి చూస్తూ. "ఎక్స్‌ప్రెస్ పాస్‌పోర్ట్ ఉంటుందిగా. ఎందుకు ట్రై చెయ్యట్లేదు?"

నిజమే. అలాంటిదొకటి ఉందని అతనికి తట్టనే లేదు. మూడు రోజులుగా తనని తాను తిట్టుకోవడంలోనే తీరిక లేకుండా పోయింది. కాల్ పెట్టేసి అప్లికేషన్ నింపడం మొదలుపెట్టాడు. కొత్త పాస్‌పోర్టుకి వీసా కూడా అక్కర్లేదు. రెండు పనిదినాల్లో వస్తుంది. ప్రాణం లేచొచ్చింది.

తొమ్మిదో పేజీకి వచ్చేసరికి ఆ ప్రాణం మళ్ళీ గొంతులోకొచ్చింది. గ్యారంటర్ కావాలట. ఇతను ఫలానా మనిషేనని ఒక ఆస్ట్రేలియా పౌరుడు సంతకం పెట్టాలి. ఆ పౌరుడు ఇతన్ని ఏడాదికి పైగా ఎరిగినవాడై ఉండాలి. రక్తసంబంధం కానీ పెళ్ళి సంబంధం కానీ ఉండకూడదు. అచ్యుత్ ఎరిగిన పౌరుల్లో సగం మంది వియన్నాలో ఉన్నారు, మిగతా సగం సెలవులకి హైదరాబాద్ పోయారు.

ఒక్కరు తప్ప.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికల్లా రౌస్ హిల్‌లో బెల్ కొట్టాడు. శివాంగిని తల్లి రంజన తలుపు తీసింది. తను సంతకం పెట్టేదే కానీ, అతన్ని మొదటిసారి చూసింది మొన్న దీపావళికే కదా అని బాధపడి, వెనక వరండాలోకి పంపింది. అక్కడ మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని రామ్‌సామి తాతగారు కూర్చుని ఉన్నాడు. ఆ మోకాళ్ళ వల్లే ఆయన వియన్నా వెళ్ళలేదు.

అచ్యుత్ సంగతంతా చెప్పాడు. ఆయన అడ్డు రాకుండా విని, కాగితంలో ఏముందో తెలుగులో చదివి చెప్పమన్నాడు. అచ్యుత్ ఒక్కొక్క ప్రశ్నే తెలుగు చేసి చదివాడు. ఆయన ఒక్కొక్కదానికీ తల ఊపాడు.

"దరఖాస్తు చేసిన వ్యక్తికీ మీకూ పుట్టుక వల్ల గానీ, పెళ్ళి వల్ల గానీ బంధుత్వం ఉందా?"

తల ఆగింది. "మళ్ళీ చదువు" అన్నాడు.

అచ్యుత్ మళ్ళీ చదివాడు.

"ఈ రోజుకి లేదు" అన్నాడు తాతగారు.

"అలా రాయడానికి చోటు లేదండి. ఉంది, లేదు. రెండే గళ్ళు."

"మరి ఆర్నెల్లు పోయినాక ఉంటే? నేను అబద్ధం రాసినట్టు కాదా?"

అచ్యుత్ చేతిలోంచి పెన్ను జారి వరండాలో దొర్లింది. వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. ఏడాదిన్నరగా అద్దంతో కూడా చెప్పుకోని మాట అది.

"చెడింది నా మోకాళ్ళు" అన్నాడు ఆయన. "కండ్లు బాగానే ఉన్నాయి. నువ్వు పాఠం చెప్పేటప్పుడు అందరినీ చూస్తావు, పాప దగ్గరికి వచ్చేసరికి గోడని చూస్తావు. చలి అంటే ఏడ్చేవాడివి మంచులోకి ఎందుకు పోతున్నావో నాకు తెలీదా?"

అచ్యుత్‌కి చెవులు వేడెక్కాయి. వంగి పెన్ను ఏరి ఆయనకిచ్చాడు. చివరికి, తప్పుగా అనుకోవద్దండీ అన్నాడు, తన గొంతు తనకే వినపడకుండా.

"తప్పెందుకు? అడుగు. పాప కాదంటే ఈ కాగితం ఎప్పటికీ నిజం. అవునంటే ఈ రోజుకి నిజం. నాకు రెండూ సమ్మతమే. నాకైతే రెండోదే ఇష్టం." లేదు అన్న గడిలో టిక్ పెట్టి, అచ్యుత్ పాస్‌పోర్టు ఫొటో వెనక కూడా వంకర అక్షరాలతో సంతకం చేశాడు.

రంజన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, రేపు అప్లికేషన్ ఇచ్చేచోట ఇంటర్వ్యూ అయ్యాక భోజనానికి రమ్మంది. రానంటే ఏమనుకుంటారోనని బుధవారం వచ్చాడు. సరిగ్గా చారు పోసుకుంటుండగా తాతగారి ఫోన్ మోగింది. పాస్‌పోర్టు ఆఫీసు. వివరాలు సరిచూసుకోవడానికట. ఆయన స్పీకర్ ఆన్ చేసి ఫోన్ పప్పు గిన్నె పక్కన పెట్టాడు.

ఎంతకాలంగా తెలుసు అని అడిగింది ఆఫీసరమ్మ. చెప్పాడు. ఎక్కడ కలిశారు అంది. చెప్పాడు. అతనికి మీతో బంధుత్వం ఏమైనా ఉందా అంది.

"నాట్ యెట్, మేడమ్" అన్నాడు తాతగారు.

యెట్ అంటే ఏమిటో వివరించమంది ఆఫీసరమ్మ. రామ్‌సామి అబద్ధం చెప్పని మనిషి. తెలుగు క్లాసూ, గోడా, మంచూ, లండన్ నుంచి వస్తున్న వెంకట్, అన్నీ నిదానంగా ఇంగ్లీషులో వివరించాడు. శివాంగినికి చెప్పాల్సిన మాట శివాంగిని కంటే ముందు ఆస్ట్రేలియా ప్రభుత్వానికి తెలిసిపోయింది. అచ్యుత్ చారులో వేళ్ళు పెట్టుకుని, అయిపోయింది, ఇక పాస్‌పోర్టూ లేదు పెళ్ళీ లేదు అనుకున్నాడు.

"ఫర్ టుడే దట్స్ ఎ నో" అంది చివరికి ఆమె. గొంతులో నవ్వు తెలుస్తోంది. "సోమవారం వచ్చి తీసుకోమనండి. అండ్ టెల్ హిమ్ టు హర్రీ."

క్రిస్మస్, ఆ తర్వాతి సెలవు, శని, ఆదివారాలు. ఆ నాలుగు రోజులూ అచ్యుత్‌కి నాలుగు నెలలు. ఇరవై ఆరున శారదాంబ ఆంటీ గ్రూపులో పెట్టిన ఫొటోలో శివాంగిని పక్కన ఆరడుగుల మనిషి నిలబడి ఉన్నాడు. పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆమె కాల్స్ కూడా ఆగిపోయాయి. మెసేజ్ పెడితే, బిజీ అని ఒక్క మాట.

సోమవారం పాస్‌పోర్టు చేతికొచ్చింది. సాయంత్రం విమానం ఎక్కాడు. మధ్యలో ఎక్కడా కన్ను మూయలేదు.

వియన్నా ఎయిర్‌పోర్టు బయటికి రాగానే చలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. శివాంగిని ఎదురుగానే ఉంది, ముక్కు ఎర్రగా అయిపోయి. రమ్మని అతను అడగలేదు, ఏ విమానమో తాతగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దారంతా వల్లె వేసిన నాలుగు వాక్యాలూ ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

"వెంకట్ ఏడీ?" అన్నాడు, అంతకంటే తెలివైన మాట దొరక్క.

"లండన్ వెళ్ళిపోయాడు. మంచివాడే. నో చెప్పా." ఆమె అతని వైపు సూటిగా చూసింది. "నీ నోటితోనే విందామని కాల్స్ ఆపేశా. చెప్పు, నువ్వు ఎందుకొచ్చావు?"

"నిన్ను చూడ్డానికి" అన్నాడు. మీరు ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియలేదు. "నువ్వంటే నాకిష్టం శివాంగినీ. మొదటి శనివారం నుంచీ. అక్కడే చెప్పాల్సింది, భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది."

ఆమె చేయి చాచి, అతని జేబులోంచి తొంగిచూస్తున్న కొత్త పాస్‌పోర్టు తీసుకుంది. ఫొటోలో బిక్కమొహం చూసి పెదవి కొరుక్కుంది. దాన్ని అతని కోటు లోపలి జేబులో పెట్టి, జిప్పు పైదాకా లాగింది.

"ఇది జాగ్రత్త. పోగొట్టుకుంటే మళ్ళీ గ్యారంటర్ కావాలి" అంది. "ఇంకెవరినైనా వెతుక్కో. తాత సంతకం ఇక చెల్లదు."

అచ్యుత్‌కి అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. ఈలోగా ఆమె అతని సూట్‌కేసు లాక్కుంటూ ట్రైన్ వైపు పది అడుగులు వేసేసింది.