కుప్పంలో తప్పిపోయిన పాప

పుంగనూరులో ఆ ఉదయం వసుధ నిద్ర లేచేసరికి అమ్మ మునిరత్నమ్మ దోసెలు పోస్తోంది. ముందుగదిలోంచి నాన్న చెంగల్రాయుడి గొంతు వినిపించింది.

"బాగా సూసి ఆడమ్మా. తొందరేమీ లేదు."

వసుధ తొంగిచూసింది. నాన్న చదరంగం బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదుటి కుర్చీ ఖాళీ.

"ఎవురితో మాట్లాడతాండాడు?" వంటింట్లోకి వచ్చి అడిగింది.

"పాపతో. మొన్న సెప్పకుండా బస్సెక్కి కుప్పం పోయినాడు. రైలు స్టేషన్లో ఎవురో సూసి ఫోన్ చేస్తే పోయి పిలుచుకొచ్చినా. అప్పట్నుంచీ ఇట్లే. పాపకీ తట్టలో దోసె పెట్టమంటాడు."

వసుధ చదరంగంలో గ్రాండ్‌మాస్టర్. ఆ ఆట నేర్పింది నాన్నే. బడి నుంచి రాగానే బల్ల ముందు కూర్చోబెట్టి, వీధి పిల్లల అరుపులు వినపడకుండా కిటికీ మూసేవాడు. టైటిల్ వచ్చాక ఆమె ఇంటికి చుట్టంలా వచ్చిపోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నాన్నకు మతిమరుపు జబ్బు. కూతురిని గుర్తుపట్టడు.

"మదనపల్లెలో ఇట్లాంటోళ్లని సూసుకునే ఇల్లు ఒకటుండాది. మాట్లాడినాను. ఆ చదరంగం బల్ల మాత్రం ఆడికి పంపొద్దు," అంది వసుధ.

మునిరత్నమ్మ స్టవ్ ఆపేసింది. "ఆయన బాగు కోసమా, నీ కోపం కోసమా?"

"కోపం ఉండకూడదా? నేను ఆడుకున్న రోజు ఒకటి సెప్పు."

"నన్నడగొద్దు. ఆయనకి నీ ముఖం గుర్తు లేదు గానీ, నువ్వు గుర్తుండావు. పోయి ఆయన్నే అడుగు."

వసుధ విసురుగా ముందుగదిలోకి వెళ్లి ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసింది.

"ఆడ కూసోవద్దమ్మా. పాప ఉండాది," అన్నాడు చెంగల్రాయుడు.

అప్పుడు చూసిందామె బల్ల మీది ఆటను. చిన్నప్పుడు బెంగళూరు పోటీలో తను ఓడిన ఆట అది. హాల్లోకి పెద్దవాళ్లను రానివ్వలేదు. ఎత్తులు రాసుకున్న కాగితాన్ని తనే చించి రైలు కిటికీలోంచి పారేసింది. నాన్న ఆ ఆటను ఎన్నడూ చూడలేదు.

నల్లగుర్రం మూలన చిక్కుకుని ఉంది. ఆనాడు దాన్ని కాపాడబోయే ఓడింది. గుర్రాన్ని వదిలేసి బంటును నడపాలని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

వంటింట్లో ఏదో పడిన చప్పుడుకు తల తిప్పి, మళ్లీ చూసింది. నల్లబంటు ఒక గడి ముందుకు జరిగి ఉంది. నాన్న చేతులు రెండూ ఒడిలోనే ఉన్నాయి.

"సూస్తివా, ఎంత బాగా ఆడిందో," అన్నాడాయన మురిసిపోతూ.

వసుధ ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "ఈ పాప ఎవురు నాయినా?"

"నా బిడ్డ. ఆటలో ఓడిపోయిందని కోపంతో కుప్పంలో రైలు దిగి ముందర నడిచొచ్చేసినా. ఎనక్కి తిరిగి సూస్తే లేదు. ఎన్నాళ్లు ఎతికినానో. మొన్న పోతే ఆ స్టేషన్ బెంచీ మీదే కూసోనుండాది."

వసుధ తప్పిపోలేదు; ఆ సాయంత్రం ఏడుస్తూ ఆయన వెనకే పరుగెత్తి ఇంటికి చేరింది. ఆయన ఒక్కసారైనా తిరిగి చూడలేదనే ఇన్నేళ్లూ అనుకుంది.

"పాప ఏమన్నా అనిందా?"

"ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకుంటే వచ్చేసింది."

చెంగల్రాయుడు ఖాళీ కుర్చీ వైపు వంగాడు. "సాలమ్మా ఇంక. పో, పోయి ఆడుకో."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. వాకిలి తెర కదిలింది. బయట గాలి లేదు.

వసుధ నాన్న కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. గుమ్మంలో నిలబడిన మునిరత్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మదనపల్లె వాళ్లకి ఏమని సెప్పేది?"

"రావడం లేదని సెప్పమ్మా."

చెంగల్రాయుడు వసుధ తల మీద చెయ్యి పెట్టాడు. "యాల ఏడుస్తావమ్మా? నువ్వు కూడా ఓడిపోయినావా?"

"ఔ నాయినా."

"ఓడిపోతే ఏమి? లే, ఇంటికి పోదాం."