బ్రాందీ ఉంది, నీళ్లు లేవు

"ఈసారి నీకు రివాల్వర్ లేదు ఏసన్నా. ఇదుగో, ఇది పట్టుకుపో," అన్నాడు చీఫ్.

బల్ల మీద పెట్టింది మిలిటరీ వాటర్ బాటిల్. అదీ ఖాళీది.

ఏజెంట్ ఏసన్నకు ఒళ్లు మండింది. గోడలు దూకాడు, కదిలే రైలు మీద పరుగెత్తాడు, చివరికి దక్కింది నీళ్ల సీసా! అయినా నోరెత్తే మొహం లేదు. పోయిన మిషన్‌లో మద్రాసు ఎయిర్‌పోర్టులో విదేశీ గూఢచారి అతని ముందునుంచే దర్జాగా నడిచి వెళ్లి విమానం ఎక్కేశాడు. ముందురోజు పార్టీలో తాగిన రమ్ము పుణ్యమా అని ఏసన్న ఆ సమయానికి బెంచీ మీద తల పట్టుకుని మూలుగుతున్నాడు. అతనికి తాగుడు పడదు. రెండు పెగ్గులు పడితే చాలు, తెల్లారి తలలో రోకలి పోట్లు.

"ఇది నీ లాస్ట్ ఛాన్స్," అన్నాడు చీఫ్. "టార్గెట్ ఆదోని. స్కార్పియన్ అనే విదేశీ ముఠా అక్కడ ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో ఫైర్ బాంబు పెడుతోంది, పత్తి బేలులో దాచి. ఆదివారం మధ్యాహ్నం అంటుకుంటుంది. మన పత్తి బూడిదైతే వాళ్ల దేశం పత్తికి గిరాకీ."

"ఏ ఫ్యాక్టరీ సార్?"

"అది తెలిస్తే నీతో పనేముంది? పెట్టేవాడు కాశప్ప అనే దళారి. మొహం మనవాళ్లెవరూ చూడలేదు. ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు ఎడ్ల సంతలో, ఈ పనికి డబ్బు పెట్టిన బొంబాయి సేఠ్‌ను కలుస్తాడు. ఎడ్ల బేరం చేసినట్టే తువాలు కింద వేళ్లు నొక్కి ఫ్యాక్టరీ నంబరు చెబుతాడు. ఆ సేఠ్‌ను దారిలోనే రైలు దించేశాం. వాడి వేషంలో నువ్వు వెళ్లు."

"అంతేనా సార్!"

"అంతే అయితే బాగుండును. శనివారం సాయంత్రం ఆదోని లాడ్జిలో పార్టీ. ముఠా తరఫున మిస్ జూలీ వస్తుంది. ఆ సేఠ్ పచ్చి తాగుబోతు. నువ్వు గ్లాసు ఎత్తకపోతే అనుమానం. ఎత్తితే తెల్లారి నీ వేళ్లు నీ మాట వినవు. అందుకని ముందే కడుపు నిండా తిను. గ్లాసు మందుకు గ్లాసు నీళ్లు తాగు. బ్రాందీలో రమ్ము కలపనివ్వకు. బాటిల్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఆర్డర్!"

ఏసన్న కదల్లేదు. "మా అక్క మారెమ్మ ఆదోనిలోనే జిన్నింగ్ కూలికి పోతుంది సార్. ఆదివారం కూడా. పనికి పోవద్దని ఒక్క మాట..."

"ఒక్కరికి చెబితే ఊరికి చెప్పినట్టే. ముఠా బేలు మార్చేస్తుంది. నో!"

శనివారం బొంబాయి సేఠ్ ఆదోనిలో దిగాడు. సఫారీ సూటు, బంగారు పన్ను, నెత్తి మాడ్చే ఏప్రిల్ ఎండ. ఆర్డర్ ప్రకారం రెండు ప్లేట్ల ఉగ్గాని తిన్నాడు. పక్కన పెట్టిన మిరపకాయ బజ్జీలు నోరు కాల్చేశాయి. లాడ్జికి వచ్చి ఓనరు బడే సాబ్‌ను నీళ్లడిగాడు.

"నీళ్లా?" బడే సాబ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "బ్రాందీ అడుగు సేటూ, యాడున్నా తెప్పిస్తా. రమ్ము అడుగు, తెప్పిస్తా. నీళ్లు మాత్రం నన్ను అడగొద్దప్పా. కొళాయి వచ్చి నాలుగు దినాలాయ."

"గ్లాసు మందుకు గ్లాసు నీళ్లు తాగాలయ్యా!"

"అట్లయితే మందు మానేయ్ సేటూ. అది సులువు."

ఏసన్న బతిమాలాడు, అరిచాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి బడే సాబ్ ఇంటికి పోయి బాటిల్ నింపుకొచ్చాడు. "మా జొహరాబీ తాగనీకి దాసిపెట్టుకున్న నీళ్లు. సుక్క పారబోసినావంటే నీకూ నాకూ బాగుండదు."

బయట సైరన్ కూత వినబడింది. ఏసన్న కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. అది అక్క పనిచేసే ఫ్యాక్టరీ. ఊళ్లో కూత పెట్టేది అదొక్కటే. మిగతావాళ్లంతా రైలు పట్టా ముక్క వేలాడదీసి కొడతారు. ఇంత దగ్గరలో ఉండి 'అక్కా, రేపు రావద్దు' అని చెప్పలేని ఈ ఉద్యోగం ఎందుకు, తగలెయ్యనా!

పార్టీలో పేర్లు చెప్పుకోకూడదని ముఠా రూలు. మిస్ జూలీ నీలం చీరలో, నల్ల కళ్లద్దాల్లో మెరిసిపోతూ వచ్చి బ్రాందీలో రమ్ము కలిపింది.

"చీర్స్ సేఠ్! ఫినిష్ ఇట్!"

ఏసన్న గ్లాసును పెదవులకు తాకించి, ఆమె అటు తిరగ్గానే పూలకుండీలో ఒంపాడు. అవి ప్లాస్టిక్ పూలు, కుండీకి అడుగే లేదు! బ్రాందీ అంతా అతని బూటు మీదికే వచ్చింది. తిట్టుకుంటూ రెండో గ్లాసును పక్కనున్న గుబురు మీసాల మనిషి వైపు జరిపాడు. ఆయన ఆనందంగా ఎత్తేశాడు. మూడోదీ జరిపాడు. ఆ తర్వాత ఎన్ని వస్తే అన్నీ జరిపాడు.

"ధర్మప్రభువువి సేటూ! నీ కడుపు సల్లగుండ!" అన్నాడు మీసాలాయన, కళ్లు తేలేస్తూ.

తెల్లారింది. ఏసన్న లేచి తల అటూ ఇటూ ఊపి చూశాడు. నొప్పి లేదు. చెయ్యి చాపితే వేళ్లు నిబ్బరంగా నిలిచాయి. ఉద్యోగంలో మొదటిసారి పార్టీ మరునాడు మనిషిలా లేచాడు! నిండు బాటిల్ భుజాన వేసుకుని ఈల వేస్తూ ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

సంతలో కోడ్ వర్డ్ పలికాడు. "ఈ ఎద్దుకు పళ్లెన్ని?"

"పళ్లు కాదప్పా, అడుగులు సూడు," అంది ఒక మూలుగు. "ముందు దాని మెడలో గంటలు ఇప్పదీయ్. తలకాయ పగిలిపోతాండాది."

గుబురు మీసాలు! ఎర్రబడ్డ కళ్లు! రాత్రి గ్లాసులన్నీ మింగినవాడే కాశప్ప.

తువాలు కింద చెయ్యి పెట్టాడు. కాశప్ప వేళ్లు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. ఒకసారి నాలుగు నొక్కాడు. మళ్లీ అడిగితే రెండు. ఇంకోసారి అడిగితే ఎన్నో ఆ దేవుడికే తెలియాలి.

"నోటితో చెప్పవయ్యా!"

"నోటితో సెప్పకూడదు. ఆర్డర్. ఎవురో మహానుబావుడు నిన్న వాని గ్లాసులు గూడా నాకే తాపినాడప్పా. వాని ఇల్లు కూలిపోను!"

నిన్న ధర్మప్రభువు, ఇవాళ ఇల్లు కూలాలి! చుట్టూ రైతులు చేరారు. ఒకడు మజ్జిగ తాగించమన్నాడు, ఒకడు నెత్తిన నిమ్మకాయ రుద్దమన్నాడు, ఇంకొకడు మళ్లీ గ్లాసెడు పోస్తే అదే దిగుతుందన్నాడు. పొద్దు ఎక్కిపోతోంది. కాశప్ప తువాలు మొహాన కప్పుకుని నేల మీద కూలబడ్డాడు.

ఏసన్న వీపుకు పిస్తోలు గుచ్చుకుంది. "కదలొద్దు సేఠ్," అంది జూలీ గుసగుసగా. "ఢిల్లీ ఇంటెలిజెన్స్."

"నేను హైదరాబాదు ఆఫీసమ్మా!" ఏసన్న బంగారు పన్ను ఊడదీసి, ఐడెంటిటీ కార్డు చూపాడు.

డబుల్ ఏజెంట్ కళ్లద్దాలు తీసింది. దాంతో ఇంగ్లీషూ పోయింది. "నీ ఇల్లు బంగారం గానూ! మనోనివా? పొద్దున నీ తల పనిసేయగూడదనే గదప్పా అన్నీ కలిపి పోసినా!"

"ఆ పోసిందంతా వాడి కడుపులో ఉంది. ఇంతకీ ఎవరు నువ్వు?"

"హులిగమ్మ. మాది ఆలూరు."

"థూ! రెండు ఆఫీసులు కలిసి ఒక తలకాయను పాడుచేశాయి!" ఏసన్న గొంతు చించుకున్నాడు.

"అరవొద్దప్పా, నీ కాళ్లు మొక్కుతా!" కాశప్ప చెవులు మూసుకున్నాడు. "పొద్దున బేలు దింపేటప్పుడే ఆ పాడు కూత కూసె. దానికే సగం సచ్చినా."

కూత! అది అక్క ఫ్యాక్టరీ!

హులిగమ్మ కాశప్పను వాడి తువాలుతోనే బండికి కట్టి సంత కానిస్టేబుల్‌కు అప్పగించింది. ఆమె ఆఫీసు జీపు ఇద్దరితో ఆదోని దారిలో దుమ్ము లేపింది.

ఫ్యాక్టరీలో ఆడవాళ్లు పత్తి రాశుల మధ్య పనిలో ఉన్నారు. గోడవారన ఒక బేలులోంచి సన్నగా పొగ వస్తోంది. ఏసన్న గోనె చించాడు. లోపల పెట్రోలు డబ్బా. మందు పూసిన నూలు తాడు కాలుతూ కాలుతూ దాని మూతి దగ్గరికి వచ్చేసింది.

"నీళ్లు! నీళ్లు తెండి!"

"యాడున్నాయి నీళ్లు? డ్రమ్ము ఎండి మూడు దినాలాయ," అంది ఎవరో.

ఆదోనికి, దాని కొళాయికి ఒక దండం! అని తల బాదుకోబోతే మోచేతికి భుజాన ఉన్న బాటిల్ తగిలింది. మూత పీకి, జొహరాబీ నీళ్లన్నీ తాడు మీద కుమ్మరించాడు. సుయ్‌మంది. పొగ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం సైరన్ కూసింది.

ఏసన్న పత్తిలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. హులిగమ్మ డబ్బాను చీర చెంగు కింద దాచేసింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

మారెమ్మ మాత్రం పరుగున వచ్చింది. "ఒరే ఏసన్నా! ఈ యేసం ఏందిరా? నోట్లో పోసుకోనీకి సుక్క లేక మేము సస్తాంటే, తాగే నీళ్లు పత్తి మీద పోస్తివా? తాగొచ్చినావా?"

"లేదక్కా. ఒట్టు. ఒక్క సుక్క గూడా తాగలేదు."

"మరి తల ఎందుకు పట్టుకున్యావు?"

సీక్రెట్ సర్వీస్ రూల్స్ ప్రకారం ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు.