ఎడం పక్క గొంతు

పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా ముందు గదిలో చేరడం నరసింగరావుకి ఈ మధ్య కొత్తగా పట్టిన జబ్బు. రాజాంలో బస్టాండు వెనక సందులో వాళ్ల ఇల్లు. పాలవాడి బండి మోత వీధి మలుపు తిరిగిందో లేదో, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ జరుపుకుని, రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన కూర్చునేవాడు. కాఫీ చల్లారిపోతోందని భార్య పైడితల్లి వంటింట్లోంచి కేకేసినా పలికేవాడు కాదు.

స్పీకర్లంటే మనందరం ఎరిగిన పెట్టెలు కావవి. మనిషెత్తున, తలుపు రెక్కల్లా పల్చగా, నల్లటి చిల్లుల రేకులతో గోడ ముందు నిలబడి ఉంటాయి. విశాఖపట్నంలో రిటైరైన ఇంజనీరొకాయన ఫ్లాటు ఖాళీ చేస్తూ అమ్మేస్తుంటే మేనల్లుడు ఈశ్వర్ తీసుకుని, వ్యానెక్కించి మావయ్యకి పంపాడు. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లట. నరసింగరావు రాజాంలో వయసంతా రేడియోలు బాగుచేస్తూ, క్యాసెట్లు రికార్డు చేస్తూ బతికినవాడు. అయినా వీటి గురించి చదవడమే గాని కంటితో చూసింది లేదు. వచ్చిన రోజున వాటి చుట్టూ తిరిగి తిరిగి, పక్కింటివాళ్లని కూడా పిలిచి చూపించాడు. లోపల అయస్కాంతం ఉండదనీ, రెండు చిల్లుల రేకుల మధ్య ఉల్లిపొర కన్నా పల్చటి ఫిల్ము ఉంటుందనీ, దానికి కరెంటు పట్టి అది వణికితేనే పాటనీ చెప్పాడు. వాళ్లు పాపం తలలూపి, టీ తాగి వెళ్లిపోయారు.

ఇంత హడావుడీ ఒక్క క్యాసెట్టు కోసం. ఈశ్వర్ బారసాలనాడు నరసింగరావు స్వయంగా రికార్డు చేసిన ఊయల పాట అది. వాళ్ల ఇళ్లలో బిడ్డని ఊయలలో వేసినప్పుడు ఒక పక్క తల్లి, రెండో పక్క మేనమామ భార్య నిలబడతారు. తల్లి ఒక చరణం పాడి ఊయల తోస్తే, మేనమామ భార్య అందుకుని మరో చరణంతో తిరిగి తోస్తుంది. అలా పాటా, ఊయలా కలిసి అటూ ఇటూ ఊగుతాయి. ఆ ముచ్చట చూసే నరసింగరావు ఊయలకి చెరో పక్కన ఒక మైకు పెట్టి స్టీరియోలో పట్టాడు. ఈశ్వర్‌కి మాటలు రాకముందే వాడి తల్లి, నరసింగరావు తోడబుట్టిన నారాయణమ్మ జ్వరంతో పోయింది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని ఒడిశా వైపు వెళ్లిపోయాడు. బిడ్డని పైడితల్లి పెంచింది. నారాయణమ్మ గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ క్యాసెట్టులోనే. తెగిపోతుందన్న భయంతో నరసింగరావు దాన్ని బీరువాలోంచి తియ్యడమే మానేశాడు. ఎప్పుడో పాత టేపు రికార్డరులో ఒకటి రెండుసార్లు విన్నప్పుడు కూడా గొంతులన్నీ కలిసిపోయి, గొంగళి కింద నుంచి వచ్చినట్టు వచ్చాయి.

ఇప్పుడు ఈశ్వర్ రేపు వస్తానన్నాడు. అమ్మ గొంతు ఒక్కసారి సరిగ్గా వినాలని వాడి కోరిక. అది తీర్చాలన్న ఆరాటంలో నరసింగరావు తెగుతుందన్న భయం కూడా పక్కన పెట్టి క్యాసెట్టు బయటికి తీశాడు. ఆరాటం తీరేలా మాత్రం లేదు. కుడి పక్క నుంచి నారాయణమ్మ గొంతు నిన్నో మొన్నో పాడినట్టు గదినిండా పలుకుతోంది. వినగానే మొదటిరోజు ఆయన ఏడ్చేశాడు. ఎడం పక్కకొచ్చేసరికి పాట నీరసపడిపోతోంది, మధ్యమధ్య చిటపటమంటోంది. ఆ పక్క పాడింది పైడితల్లే అని ఆయనకి తెలుసు. అయినా ఆయన దృష్టిలో అది పెళ్లాం గొంతు కాదు, ఎడం పక్క స్పీకరు.

ఇలాంటివి బాగా కరెంటు పట్టేదాకా సన్నగా పలుకుతాయని ఎక్కడో చదివి, రాత్రీ పగలూ ప్లగ్గు తియ్యకుండా ఉంచి చూశాడు. మార్పు లేదు. ఆ వేళ పొద్దున్న ప్లగ్గు పీకి, లోపలి కరెంటు దిగేదాకా ఓపిక పట్టి, ఎడం స్పీకరు ముందు రేకు విప్పాడు. ఫిల్ము మీద పచ్చటి పొడి. వేలితో తీసి వాసన చూశాడు. పసుపు.

పైడితల్లిని కేకేశాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. వ్యాను వచ్చిన రోజున ముందుగా దిగిన ఈ స్పీకరుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, సాంబ్రాణి వేశానని దాపరికం లేకుండా ఒప్పుకుంది.

"కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టెట్టకుండా ఉంటానేటి? ఈశ్వర్ మొదటిసారి బండి కొన్నప్పుడు ఎట్టలేదా?" అంది.

"బండీ ఇదీ ఒకటేనేటే? ఇది ధూళిని లాక్కుంటాది. నీ పసుపంతా లోపలికెల్లి కూకున్నాది. రేపు ఆడొచ్చి వాళ్లమ్మ పాట ఇనాల, సగం పాట సచ్చిపోనాది. నీకు తెల్దు, సెప్తే ఇనవు. ఇకనుంచి ఈటికి ఎడంగా ఉండు."

ఎడంగా అన్న మాట దగ్గర పైడితల్లి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "ఎడంగా ఉండడం నాకు కొత్తేటి," అని మాత్రం అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చూపులో కోపం కాక ఇంకేదో ఉందని నరసింగరావుకి అనిపించింది. కాని చేతిలో స్క్రూడ్రైవరున్న మగాడికి అలాంటివి ఆలోచించే తీరిక ఎక్కడిది? మెత్తటి కుంచెతో పొడి దులిపి, వాక్యూం క్లీనరు సన్నగా పెట్టి లాగించి, మధ్యాహ్నానికి రేకు బిగించాడు. చిటపట పోయింది. నీరసం అలాగే ఉంది. ఆ పూట పైడితల్లి భోజనం వడ్డించి, కంచం తీసి, ఒక్క మాటా మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ గుమ్మం మీద పెట్టి, గదిలోకి అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ అలిగితే పోట్లాడేది గాని, ఇలా మాట ఆపింది లేదు. రాత్రి నరసింగరావు వంటింటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. అయినా తప్పు పసుపుదేనన్న పట్టుదల మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దున్న ఈశ్వర్ విశాఖపట్నం నుంచి వచ్చాడు. అత్త పెట్టిన ఉప్మా తిన్నాడు. అత్తా మావా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని ఇట్టే కనిపెట్టాడు. సంగతి విన్నాక నవ్వి, రెండు స్పీకర్లూ చోటు మార్చి చూశావా మావా అని అడిగాడు. నరసింగరావు గతుక్కుమన్నాడు. దుకాణంలో ఏ కుర్రాడు ఎడం కుడి తేడా అంటూ సెట్టు తెచ్చినా ఆయన మొట్టమొదట చేసే పని అదే. పసుపు కంటపడగానే కోపంలో చదువంతా మర్చిపోయాడు.

మావా అల్లుడూ చెరో చెయ్యి వేసి ఆ రెండింటినీ అటుదిటు, ఇటుదటు మార్చారు. పాట పెట్టారు. నీరసం ఎడం పక్కే ఉంది. అంటే స్పీకర్లలో తప్పు లేదు. ఈశ్వర్ ఇంకో క్యాసెట్టు తీసి పెట్టాడు. ఎడం కుడి రెండు పక్కలా నిండుగా పలికింది. అంటే స్పీకర్లకి కలిపిన టేపు రికార్డరు కూడా బాగానే ఉంది. తేడా ఈ ఒక్క క్యాసెట్టులోనే ఉంది.

"నువ్వు రికార్డు సేసినప్పుడే అటుపక్క తగ్గిపోయినట్టున్నాది మావా. అటు పాడిందెవరు?" అన్నాడు ఈశ్వర్.

"మీ అత్త," అన్నాడు నరసింగరావు. అని, తలుపు వైపు చూశాడు. పైడితల్లి గుమ్మం అవతల గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

ఈశ్వర్ క్యాసెట్టుని మొదటికంటా తిప్పాడు. పాటకి ముందు జనం సందడి, పిల్లాడి ఏడుపు ఉంటాయి. ఈ స్పీకర్లు వచ్చాక నరసింగరావు ఆ ముక్క దాటించి పాట దగ్గర నుంచే వింటున్నాడు. ఈసారి ఈశ్వర్ దాటించలేదు. ఆ పల్చటి తెర స్పీకర్లలో ఆనాటి పెరడంతా గదిలోకి వచ్చేసింది. గాజుల చప్పుడు, ఎవరిదో దగ్గు, ఊయల గొలుసు కిర్రుమనడం. తర్వాత పడుచు నరసింగరావు గొంతు, "కుడి పక్క బాగున్నాది. ఎడం..." అంది.

పాత టేపు రికార్డరులో ఆ మాట ఎడం అనే దగ్గరే బుస్సుమనే హోరులో మునిగిపోయేది. ఎడం మైకు చూస్తున్నానని చెప్పి ఉంటానని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు మాటంతా వచ్చింది.

"ఎడంగా జరుగు. నిన్నే, పైడీ. సూది ఎర్రలోకెల్లిపోతన్నాది. ఇంకా ఎడంగా. గోడ కాడికి పో."

వెనకాల ఆడవాళ్లు నవ్వారు. ఎవరో ముసలావిడ కొత్తకోడలు పాడితే ఊరవతలకి ఇనిపిస్తాదని అంది. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మీదుగా నారాయణమ్మ పాట ఎత్తుకుంది. ఆవిడ చరణం ముగిశాక ఎడం పక్క నుంచి, చాలా దూరం నుంచి, తనని తాను అణుచుకుంటూ ఒక పిల్ల అందుకుంది. ఇటు ఊగితే అమ్మ కొంగు, అటు ఊగితే అత్త కొంగు అన్న పాదం దగ్గర ఆ గొంతు వణికింది.

నరసింగరావుకి పాత మాటొకటి గుర్తొచ్చింది. పెళ్లికి ముందు పైడితల్లి రామతీర్థం దగ్గర వాళ్ల ఊళ్లో వరి నాట్లలో పాట ఎత్తితే నాలుగు మళ్లవతల వాళ్లు అందుకునేవారని మావగారు గొప్పగా చెప్పేవాడు. మరి ఇక్కడికొచ్చాక ఎందుకు పాడలేదని నరసింగరావు ఒక్కనాడైనా అడగలేదు. ఇష్టం లేదేమో అనుకుని ఊరుకున్నాడు.

ఈశ్వర్ లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"అత్తా, నాకు ఒక్కనాడూ పాడనేదేటి? వీపు మీద తట్టి పడుకోబెట్టడమే గాని, పాట పాడింది నాకు గుర్తు నేదు."

పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ అమ్మ గొంతు అంత బాగుంటాది. నాది మోటు గొంతు నాయనా. గోడ కాడ నిలబడితే గాని పనికిరానేదు. నిన్ను ఒళ్లో ఎట్టుకుని పాడితే జడుసుకుంటావనుకున్నాను."

ఈశ్వర్ ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నరసింగరావు కుర్చీలోంచి లేచాడు గాని ఎటు వెళ్లాలో తెలియలేదు. సూదంటే రికార్డరు మీద శబ్దాన్ని కొలిచే ముల్లు అనీ, అది ఎర్రగీత దాటితే పాట పాడైపోతుందనీ, అందుకే జరగమన్నాననీ తడబడుతూ చెప్పుకొచ్చాడు.

"నీ గొంతు బాగోక కాదే. నా మిషను సిన్నది. నీ గొంతు దాన్లో పట్టనేదు."

"ఆ మాట ఆ వేళే సెప్పుంటే పోయేది కదా," అంది పైడితల్లి. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అదే ఆయన్ని కోసేసింది. ఊళ్లో ఎవరి రేడియో మూగబోయినా విప్పి చూసి మాట తెప్పించిన చేతులు ఆయనవి. ఇంట్లో మనిషి పాట మూగబోతే ఎందుకని విప్పి చూడలేదు.

ఆయన వెళ్లి గుమ్మం ఇవతల నిలబడి, "లోపలికి రా, పైడీ. వచ్చి నా పక్కన కూకో," అన్నాడు.

"ఎందుకు?"

"పాడాల."

"ఇప్పుడేటి పాడతాను? గొంతు పోనాది. సూది అసలు లెగదు," అంది, ఏడుపులోనే నవ్వొచ్చి.

"లెగనీ, లెగకపోనీ. ఎర్రలోకెల్లి ఇరిగిపోతే ఇరిగిపోనీ," అన్నాడు నరసింగరావు. కళ్ల నిండా నీళ్లతో ఆయనకి ఎదుట ఏమీ కనిపించడం లేదు.

ఈశ్వర్ అత్తని తీసుకొచ్చి స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, తను ఆవిడ కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. పాట మళ్లీ మొదలైంది. కుడి పక్క నారాయణమ్మ చరణం అయ్యాక, ఎడం పక్క నుంచి రావలసిన ఆ సన్నటి గొంతు కన్నా ముందే పైడితల్లి పెదవులు కదిలాయి. మొదట గాలే వచ్చింది. రెండో పాదానికి గొంతు విచ్చుకుంది. ముదిరి, బీటలు వారి, ఇంటి కప్పుకి తగిలేలా వచ్చింది. వీధిలో వెళ్తున్న కూరల బండివాడు ఆగి కిటికీలోంచి చూశాడు.

చరణం అయిపోయింది. తర్వాతిది నారాయణమ్మ వంతు. అది వినడానికే ఈశ్వర్ అంత దూరం నుంచి వచ్చాడు. వాడే చెయ్యి చాచి టేపు ఆపేశాడు. అత్త మోకాలి మీద తల పెట్టుకున్నాడు.

"అమ్మ వంతు కూడా నువ్వే పాడత్తా," అన్నాడు.

పైడితల్లి భర్త వంక చూసింది. నరసింగరావు తలూపాడు. ఆవిడ మేనల్లుడి జుట్టులో వేళ్లు పెట్టి, వీధంతా వినపడేలా ఆ చరణం కూడా పాడింది.